పద్నాలుగు మూతులు

పొద్దున్నే ముఖం కడుక్కున్నాక ఆయన చేసే మొదటి పని, చేతి అద్దం ఎదురుగా నిలబెట్టుకుని పేపరు చదవడం. పైకి చదివేవారు కాదు. గొంతు పెగలకుండా ఉత్త పెదాలతోనే చదివేవారు. పెద్దక్షరాల వార్తలు అయిదారు. ఒక్కో మాట దగ్గర ఆగి, పెదాలు ఎంత విచ్చుకున్నాయి, పై పళ్ళు కనిపించాయా లేదా, నాలుక కొస ఎక్కడ తగిలింది అని అద్దంలోకి చూసుకునేవారు. పక్కవాటా ఆవిడ కిటికీలోంచి ఇది చూసి, మొదట్లో పాపం ఏదో జబ్బనుకుందట. "నాకు తెలిసిన డాక్టరొకాయన ఉన్నాడు, మొహమాటపడకు తమ్ముడూ" అని చిరునామా రాసిచ్చిందట. ఆయన ఆ కాగితం పారెయ్యలేదు. అద్దం వెనక అంటించుకున్నారు. "ఒక మనిషి మన గురించి అంతగా ఆలోచించి రాసిచ్చాక ఎలా పారేస్తాం షీటమ్మా" అన్నారు నాతో.

ఆయన పోయి ఏడాది దాటింది. ఆ అద్దం ఇప్పుడు ఆయన చెల్లెలి గదిలో మేకుకు వేలాడుతోంది. ప్రతి ఆదివారం సాయంత్రం నేను ఆ ఇంటికి వెళ్తాను కాబట్టి చూస్తూనే ఉంటాను. ఒక మూల మసకబారింది. వెనక డాక్టరు చిరునామా అలాగే ఉంది.

మేమందరం ఆయన్ని మూతుల మాస్టారు అనేవాళ్ళం. టీవీలో వారం వారం వచ్చే ఒక బొమ్మల హాస్య కార్యక్రమంలో, బొమ్మలకు నోళ్ళు గీయడం ఆయన పని. ముఖం ఒకరు గీస్తారు. కాళ్ళూ చేతులూ ఇంకొకరు కదిలిస్తారు. వెనకుండే గోడలూ కిటికీలూ మరొకరివి. నోరుండే చోటు మాత్రం అందరూ ఖాళీగా వదిలేస్తారు. అలా నోరు లేని మనుషులు కట్టలు కట్టలుగా పొద్దున ఆయన బల్ల మీదికి వచ్చేవాళ్ళు. సాయంత్రానికి వాళ్ళందరూ మాట్లాడుతుండేవాళ్ళు.

నా పని ఆయన పనికి ముందుది. గొంతులు రికార్డు చేసిన టేపు విని, ఏ క్షణంలో ఏ అక్షరం పలికిందో గళ్ళ షీటు మీద రాసివ్వాలి. ఆ షీటు లేనిదే ఆయన కలం కదలదు. అందుకని నేను షీటమ్మనయ్యాను. మా ఊరి బళ్ళో పంతులుగారు అక్షరాలు దిద్దించేటప్పుడు "ప అనాలంటే ముందు నోరు మూయాలి" అని మా చేత ఒక్కొక్కరి చేతా పలికించేవారు. ఆ చదువుతో అన్నం తింటానని ఎన్నడూ అనుకోలేదు. అంతా దేవుడి దయ.

ఇలాంటి పని వేరేచోట్ల అయిదారు మూతులతో కానిచ్చేస్తారని విన్నాను. మాస్టారికి పద్నాలుగుండేవి. గోడకు అట్ట మీద వరసగా అంటించుకున్నారు. పెదాలు కలిసినవి, సున్నా చుట్టినవి, పక్కలకు సాగినవి, కింది పెదవి పంటి కింద నొక్కుకున్నది, నాలుక కొస మాత్రం కనిపించేది. "ఇన్నెందుకు మాస్టారూ, చూసేవాళ్ళకు తేడా తెలుస్తుందా?" అని చేరిన కొత్తలో అడిగాను.

"ఒకరికి తెలుస్తుంది" అన్నారు.

ఆ ఒక్కరూ ఆయన చెల్లెలు. నాలుగేళ్ళ వయసులో జ్వరమొచ్చి చెవులు రెండూ పోయాయి. అప్పటికి మాస్టారికి పదేళ్ళు. తల్లి కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఏడుస్తుంటే, ఈయన ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని "బువ్వ, బంతి, బొమ్మ" అని ముఖం దగ్గరగా పెట్టి చెప్పేవారట. చెల్లెలికి తన పెదాలు ఎలా కనబడుతున్నాయో తెలుసుకోవాలని తల్లి అద్దం తీసుకున్నారు. ఆ అద్దమే ఈ అద్దం. తల్లి పోయాక ఆ ఇంట్లో వీళ్ళిద్దరే మిగిలారు. ఆయన పెళ్ళి మాట ఎత్తితే "మా ఇంట్లో మాట్లాడాలంటే దీపం వెయ్యాలి, దానికెవరు ఒప్పుకుంటారు" అని నవ్వేసేవారు. చెల్లెలు పుస్తకాలు కుట్టే చోట పని చేసేది. కాగితాలు మడిచిందంటే అంచుకు అంచు వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు.

వాళ్ళ గుమ్మం గంట నొక్కితే మోగదు, లోపల బల్బు వెలుగుతుంది. అది మాస్టారు అమర్చిందే. కూరగాయలాయన ఆ గంట నొక్కి, ఆమె వచ్చేదాకా మెట్టు మీద కూర్చుని, వచ్చాక లేచి వెలుతురులోకి ముఖం తిప్పి మాట్లాడేవాడు. అది ఎవరూ నేర్పింది కాదు.

మా కార్యక్రమంలో ముఖ్యమైన బొమ్మ ఒక ముసలి దర్జీ. జనం కొలతల తాతయ్య అనేవాళ్ళు. మెడలో టేపు, ముక్కు చివర కళ్ళజోడు. వారానికొక పెద్దమనిషి బట్టలు కుట్టించుకోవడానికి కొట్టుకొస్తాడు. తాతయ్య కొలతలు తీసుకుంటూ నాలుగు మాటలంటాడు. మాటలు రాసేది మా రచయిత, మేమాయన్ని మీసాలాయన అనేవాళ్ళం. గొంతిచ్చేది ఒక పాత నాటకాలాయన. నడుమ నడుమ దగ్గేవాడు. ఆ దగ్గుక్కూడా మాస్టారు మూతి గీసేవారు.

ఒకసారి నన్ను ఆదివారం ఇంటికి పిలిచారు. చెల్లెలు టీవీకి మూరెడు దూరంలో పీట వేసుక్కూర్చుంది. మాస్టారు వెళ్ళి కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచారు. ఎందుకో నాకర్థం కాలేదు. తాతయ్య ఏదో అన్నాడు. వీధి వీధంతా ఒక్కసారి గొల్లుమంది. అదే క్షణాన పీట మీద ఆవిడ కూడా పడీ పడీ నవ్వింది. నవ్వాపుకుంటూ అన్నకేసి తిరిగి, తన గొంతు తనకు తెలియని మనుషులు మాట్లాడే ఆ గట్టి గొంతుతో అడిగింది.

"అందరూ నవ్వారా?"

"నవ్వారు" అన్నారాయన, పెదాలు నిండుగా కదుపుతూ.

నన్ను సాగనంపుతూ మెట్ల దగ్గరన్నారు. "వారానికి అరగంట షీటమ్మా. ఆ అరగంట దానికీ లోకానికీ మధ్య నేను అక్కర్లేదు. నవ్వు దాని దగ్గరికి నేరుగా వస్తుంది. అందుకే పద్నాలుగు."

"ప, బ, మ మూడింటికీ మూతి ఒకటే కదండీ, ఎలా పోల్చుకుంటుంది?"

"అటూ ఇటూ మాటలు నిజమైతే మధ్యది దానంతటదే తెలుస్తుంది" అన్నారు.

అలా తొమ్మిదేళ్ళు గడిచాయి. ఆ తర్వాత వంతెన వచ్చింది. వచ్చింది అనకూడదు, రాలేదు కాబట్టే కథ. నది మీద కట్టవలసిన వంతెన రెండు స్తంభాల దగ్గర ఆగిపోయి చాలాకాలమైంది. మీసాలాయన దాని మీద రాశాడు. మంత్రిగారు తాతయ్య కొట్టుకొచ్చి, "ఎల్లుండి వంతెనకు రిబ్బను కత్తిరిస్తున్నా, మంచి కోటు కుట్టాలి" అంటాడు.

"వంతెనెక్కడుంది బాబూ?"

"రిబ్బనుంది కదా తాతా."

"అయితే కోటూ అలాగే కుడతా. బొత్తాలు పెట్టి ఇస్తా. గుడ్డ సంగతి తర్వాత చూద్దాం."

ఆ ఆదివారం నవ్వు మా వీధిలో చాలాసేపు ఆగలేదు. మర్నాడు పనికి వస్తుంటే మెట్లు తుడిచే ఆవిడ కూడా "బొత్తాలమ్మా బొత్తాలు" అని చీపురు నేలకేసి కొట్టి నవ్వింది.

మూడో రోజున కొత్త అధికారి వచ్చాడు. చెడ్డవాడని అనలేను. చిన్నవయసు, నెమ్మదైన మాట. గదిలో అందరికీ టీ అందిందో లేదో చూసిగాని కూర్చోలేదు. "ఇకనుంచి మాటలు పైవాళ్ళు చూస్తారండీ. ఏది ఉంచాలో ఏది మార్చాలో ఆదివారం మధ్యాహ్నానికి చెప్తారు. సాయంత్రం అదే వెళ్ళాలి" అన్నాడు.

నిర్మాతగారు పెద్దావిడ, ఈ కార్యక్రమాన్ని పసిపిల్లలా పెంచిన మనిషి. "ఒక్క నోళ్ళకే నాలుగు రోజులు పడుతుంది బాబూ. మధ్యాహ్నం మాట మారిస్తే సాయంత్రానికి నోరెలా మారుతుంది?" అంది.

"కుదరకపోతే ఆపేద్దామండీ" అన్నాడు అతను. "నాకూ బాధే."

ఆ మాట మీద నలభై ఇళ్ళు ఆధారపడి ఉన్నాయి. అప్పుడు వెనక వరసలో మాస్టారు లేచారు.

"మూడు మూతులతో గీస్తాను. మూసింది, సగం తెరిచింది, మొత్తం తెరిచింది. ఏ మాట పెట్టినా నప్పుతాయి. ముందే గీసి పెట్టేయొచ్చు."

అధికారి లేచి వచ్చి ఆయన చేతులు రెండూ పట్టుకున్నాడు.

మెట్ల మీద మీసాలాయన అడ్డుపడ్డాడు. "ఏం మాస్టారూ, గొయ్యి తవ్వడానికి వాళ్ళు తంటాలు పడుతుంటే పార చేతికిచ్చారే."

"కాదయ్యా, విను" అన్నారు మాస్టారు. ఆయన ముఖం వెలిగిపోవడం నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. "ఇన్నాళ్ళూ మన నోళ్ళు బిగుతుగా ఉన్నాయి, అందులో ఒక్క మాటే పడుతుంది. వదులు నోట్లో ఏ మాటైనా పడుతుంది. మధ్యాహ్నం వాళ్ళేదో మెత్తటిది పెట్టమంటారు. సరే అందాం. సాయంత్రం వెళ్ళే టేపులో మన మాట చదివిద్దాం. పెదాలు చూసి ఎవరు పట్టుకుంటారు?"

మీసాలాయన మీసం దువ్వుకున్నాడు. "మీ బుర్ర బంగారం" అన్నాడు. మేమందరం నమ్మాం. బొమ్మల నోళ్ళతో బతికే వాళ్ళం కదా, నోరు ఎవరిదైతే మాట వాళ్ళదే అనుకున్నాం. టేపు గది తాళం ఎవరి దగ్గరుంటుందో ఒక్కరమూ ఆలోచించలేదు.

మొదటి ఆదివారం మధ్యాహ్నం అధికారి తానే వచ్చి టేపు గదిలో కూర్చున్నాడు. కార్యక్రమం అయ్యేదాకా కదల్లేదు. అందరికీ టీ చెప్పాడు. మా కోసం మేం కుట్టుకున్న వదులు చొక్కా అతనికే సరిగ్గా పట్టింది. అదే మంత్రి మళ్ళీ కొట్టుకొస్తే, తాతయ్య టేపు చేత్తో పట్టుకుని, "వంతెన లేకపోతేనేం బాబూ, మీ మనసే పెద్ద వంతెన" అన్నాడు. గొంతాయన ఆ మాట చదివి దగ్గాడు. ఆ దగ్గు తీసేశారు.

మీసాలాయన అయిదు వారాలు ఓపిక పట్టాడు. ఆరో వారం తన కుర్చీలో మెత్త తీసుకెళ్ళి వాచ్‌మన్ స్టూలు మీద వేసి వెళ్ళిపోయాడు.

మాస్టారి ఇంట్లో జరిగింది నాకు ఆయనా చెప్పారు, తర్వాత ఆమె కూడా చెప్పింది. ఇద్దరి మాటా ఒకటే.

ఆ మొదటి ఆదివారం ఆమె టీవీకి ఇంకా దగ్గరగా జరిగిందట. కాసేపు చూసి, "అన్నయ్యా, తాతయ్యకు పళ్ళూడిపోయాయా? చేపలాగా నోరు తెరుస్తున్నాడు" అందట.

ఉన్నమాట అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఆయన చెప్పలేదు. "ముసలాడైపోయాడు కదే, సరిగా పలకడం లేదు. నేను చెప్తాలే" అని టీవీ పక్కన కుర్చీ వేసుక్కూర్చున్నారు. తాతయ్య మాట విని తన పెదాలతో చెల్లెలికి చెప్పాలని. వంతెన మాట వచ్చింది. ఆ మాట ఆయన నోట పలకలేదు. చెల్లెలు ఆయన మూతికేసే చూస్తోంది. ఆయన తన సొంతంగా ఒకటి అల్లి చెప్పారు. "మీ మనసు కొలుద్దామంటే టేపు ఎక్కడ పెట్టాలో దొరకడం లేదు బాబూ" అని. ఆమె నవ్వింది. నవ్వుతూ అడిగింది, "అందరూ నవ్వారా?"

కిటికీ తెరిచే ఉంది. వీధిలో గిన్నెల చప్పుడు తప్ప ఏమీ లేదు.

"నవ్వారు" అన్నారాయన.

ఆ ఒక్క వారంతో ఆగుతుందనుకున్నారు. ఏడు నెలలు సాగింది. శనివారం సాయంత్రం నా బల్ల దగ్గరికొచ్చి చిన్న చీటీ చూపించేవారు. "ఇది బాగుందా షీటమ్మా? తాతయ్య అన్నట్టుందా?" మీసాలాయనకు తీసిపోని మాటలవి. ఆ మనిషిలో అంత హాస్యముందని మాకెవరికీ తెలీదు. "చాలా బాగుంది మాస్టారూ" అనేదాన్ని. ఆ పాపంలో నాకూ వాటా ఉంది. దేవుడు లెక్క అడిగితే తప్పించుకోను.

ఆమె ప్రతి సోమవారం ఆ మాటలు పనిచోట చెప్పేది. పుస్తకాలు కుట్టే బల్ల చుట్టూ ఆడవాళ్ళందరూ అన్నం తినే వేళకు "తాతయ్య ఏమన్నాడక్కా" అని చుట్టూ చేరేవాళ్ళు. వాళ్ళు ఆ కార్యక్రమం చూడటం మానేసి చాన్నాళ్ళయింది. మొదట ఆశ్చర్యపోయారు, తర్వాత సంగతి గ్రహించారు. ఆమె సంతోషం చెడగొట్టడం ఎవరికీ చేతకాక నవ్వి ఊరుకున్నారు. పైగా ఆ మాటలు నిజంగానే నవ్వొచ్చేవి. ఒకరోజు కొత్తగా చేరిన పిల్ల, ఏమీ తెలియక, అన్నం ముద్ద చేతిలో పెట్టుకునే "మేం నిన్న చూశాం అక్కా. తాతయ్య అలా అనలేదే" అంది.

పక్కనావిడ బల్ల కింద ఆ పిల్ల తొడ గిల్లింది. చెవులు లేని మనిషి కళ్ళకు బల్ల కింద జరిగింది కూడా కనిపిస్తుంది.

ఆ సాయంత్రం మాస్టారు ఇంటికెళ్ళి గంట నొక్కితే బల్బు వెలిగింది, తలుపు తెరుచుకుంది. ఆమె దీపం కిందికి తీసుకెళ్ళి ఆయన్ని నిలబెట్టింది.

"నిన్న తాతయ్య ఏమన్నాడు? అన్నది అన్నట్టు చెప్పు."

ఆయన చెప్పారు.

"ఎన్నాళ్ళయింది?"

"ఏడు నెలలు."

"అందరూ నవ్వారన్నావు."

ఆయన తలదించుకోబోతే గడ్డం పట్టుకుని ఎత్తింది. ఆ పెదాలు చూడకపోతే ఆమెకు జవాబు తెలియదు కదా.

"లేదే. ఎవరూ నవ్వలేదు."

"అయితే ఏడు నెలలూ ఈ వీధిలో నేనొక్కదాన్నే నవ్వానా అన్నయ్యా?"

ఆమే అంది, "వాళ్ళు తాతయ్య నోట్లో మాట మార్చారు. నువ్వు నాకు మార్చావు. వాళ్ళు నాకు పరాయివాళ్ళు."

అంతే. కేకలు లేవు. అన్నం వడ్డించింది, తానూ తింది. కానీ ఆ పూట నుంచి ఆయన మూతికేసి చూడటం మానేసింది. చెవులున్నవాళ్ళం మనం, కోపమొస్తే మాట్లాడటం మానేస్తాం. ఎదుటివాడి మాట మాత్రం వినపడుతూనే ఉంటుంది. ఆమె చూపు కంచం మీదికి దించితే చాలు, ఆ ఇంట్లో ఆయనకిక గొంతు లేదు. గంట నొక్కితే వచ్చేది, తలుపు తీసేది, చూపు ఆయన చొక్కా బొత్తాం దగ్గర ఆగిపోయేది. కాగితం మీద రాసిచ్చారు. ఆమె దాన్ని విప్పకుండానే సగానికి, మళ్ళీ సగానికి, అంచుకు అంచు కలిపి మడిచి గూట్లో పెట్టింది. అలాంటివి గూట్లో ఓ చిన్న దొంతరయ్యాయి.

అయినా ఆయన అద్దం మానలేదు. పొద్దున్నే పేపరు, పెదాలు, అద్దం. చూసేవాళ్ళు లేని మూతిని ఆయన ఎందుకు దిద్దుకున్నారో నేనడగలేదు.

ఒక శనివారం నా బల్ల దగ్గరికొచ్చారు. ఈసారి చేతిలో చీటీ లేదు. గోడ మీద పద్నాలుగు మూతుల అట్ట కిందికి దించి చంకలో పెట్టుకున్నారు. మూడు మూతుల పనికి అది అడ్డమని ఎవరో అన్నారట. నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"అది ఇంకా ఆదివారం టీవీ పెట్టుకుంటుంది షీటమ్మా" అన్నారు. "పీట వేసుకుని, తాతయ్య నోటికేసి చూస్తూ కూర్చుంటుంది. ఏమీ అర్థం కాదు. అయినా అరగంటా కూర్చుంటుంది. నా వైపు తిరగదు."

"కొన్నాళ్ళు పోతే ఆవిడే తిరుగుతుంది మాస్టారూ."

"తిరిగినా నా మూతిని నమ్మదు. నమ్మకూడదు కూడా." అట్ట అంచు సవరించుకున్నారు. "నిన్నొకటి అడగాలి. కాదనకూడదు."

"అడగండి."

"రేపు మా ఇంటికి రా. టీవీ పక్కన, దానికి ఎదురుగా కూర్చో. దీపం నీ ముఖం మీద పడేలా చూసుకో. తాతయ్య ఏమంటే అదే చెప్పు. పొగిడితే పొగిడాడని చెప్పు. చప్పటి మాటంటే చప్పగానే చెప్పు, నవ్వొచ్చేలా మార్చకు. కిటికీ నేను తీసి ఉంచుతా. అందరూ నవ్వారా అని అడిగితే చెవి పెట్టి విని, ఉన్నది చెప్పు. ఒక్క రేపే కాదు, వీలైనన్ని ఆదివారాలు."

"మరి మీరు?"

"నేను వంటింట్లో ఉంటా. తను అడిగితేనే చెప్పు, అక్కడున్నానని. అడక్కపోతే చెప్పకు."